దారి కూడా మార్చాలి

పోయిన వారం మనం శోభారాణిని శామీర్‌పేట రోడ్డు పక్కన, ఫంక్షన్ హాలు గేటు బయట, ఆపిన స్కూటీ మీదే కూర్చోబెట్టి వచ్చేశాం. లోపలికి పోవాలా, బండి తిప్పుకుని మేడ్చల్ పోవాలా అన్నది ఆమె ఇంకా తేల్చుకోలేదు. ఆమెది పదహారేళ్ల విలేకరి కొలువు. మేడ్చల్ మండలంలో లారీ బోల్తా పడ్డా, బోరు ఎండిపోయినా పేపర్లో వచ్చేది ఆమె రాసిందే. కాకపోతే కింద ఆమె పేరు ఉండదు. లోపల ఆ సాయంత్రం అవార్డు అందుకోబోతున్నది కావ్య. నాలుగేళ్ల కింద అత్వెల్లి నుంచి వచ్చి, ఇదే స్కూటీ వెనక సీటు మీద కూర్చుని వార్త రాయడం నేర్చుకున్న పిల్ల.

పోయింది లోపలికే. పోక ఏం చేస్తుంది? కుళ్లుకునే మనిషికి ఇంట్లో కూర్చుంటే తృప్తి ఉండదు. కళ్లారా చూసి మరీ కుళ్లుకోవాలి.

గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న అమ్మాయి తలెత్తి, "గెస్టా మేడం, ప్రెస్సా?" అని అడిగింది.

గెస్టు అనాలని ఉంది. కావ్య స్వయంగా ఫోన్ చేసి పిలిచింది కదా. కానీ నోరు అలవాటు కొద్దీ "ప్రెస్" అనేసింది. తెల్ల రిబ్బనుకు వేలాడే బిళ్ల ఒకటి మెడలో పడింది.

"పసుపు రిబ్బను వేసుకున్నవాళ్లను ఫొటోలు తీయొద్దు మేడం. వాళ్లలో చాలామంది ఇక్కడికి వచ్చినట్టు ఇంట్లో కూడా తెలియదు."

"మాకు తెల్వదా అమ్మా," అంది శోభారాణి విసురుగా. ఆ పిల్ల పలక పట్టిన నాటికే తాను పేర్లు దాచి వార్తలు రాస్తోంది.

వేదిక మీద పెద్ద బ్యానరు. లైంగికత మీద బాధ్యతగా రాసిన విలేకరులకు పురస్కారాలు అని బంగారు రంగు అక్షరాలు. ఆ మాటను తన పేపర్లో రాస్తే డెస్కులో కుర్రాళ్లు కిసుక్కున నవ్వి తీసేసేవాళ్లు. ఇక్కడేమో దాని కింద పూలకుండీలు పెట్టారు. ముందు వరుసలో కావ్య కూర్చుని ఉంది, గొల్లభామ బొమ్మల నేత చీర కట్టుకుని. ఒకప్పుడు రెండు కుర్తాలతో వారమంతా గడిపిన పిల్ల! చీర బాగుంది. బాగుండటమే శోభారాణికి నచ్చలేదు.

"చెల్లె! ఇటు రా, నీకోసం సీటు పట్టి పెట్టిన," అని తొమ్మిదో వరుసలోంచి జైపాల్ చెయ్యి ఊపాడు. ఇంకో పేపరు విలేకరి. మండలంలో ఎక్కడ భోజనాలుంటే అక్కడ ఉంటాడు. అప్పుడే చేతిలో మంచూరియా ప్లేటు.

"నీ శిష్యురాలికి మస్తు పేరొచ్చింది. ఇగ జూడు, నీ పేరు మైకుల మోగుతది."

"నాకెందుకన్నా పేరు," అంది. అంటూనే చీర కుచ్చిళ్లు సవరించుకుంది. వేదిక మీదికి పిలిస్తే నడిచి పోవాలి కదా.

"ఏమన్న అను, గీ మంచూరియా ఎందుకు పనికొస్తది? మిరుగం నాడు మీ మేనత్త డాబా మీద తిన్న చాపల పులుసు ముందల!"

మండలం విలేకరుల్లో ఆ పులుసు తినని మనిషి లేడు. ఏటా మృగశిర కార్తె నాడు శోభారాణి అందరినీ పిలుచుకుని మేనత్త సత్తమ్మ ఇంటికి పోతుంది. చెరువు కింది ఊరు. ఎదురింటివాళ్లు చేపలు పట్టేవాళ్లు కాబట్టి వలలోంచి తీసిన చేప తీసినట్టే వస్తుంది. డాబా మీద బంతి వేస్తే పాతిక ముప్పై మంది కూర్చుంటారు. ఆ ఎదురింటి పిల్లే స్రవంతి.

ఇక్కడే ఉంది కూడా. అయిదో వరుసలో, పసుపు రిబ్బనుతో. పక్కన కూర్చున్న అమ్మాయి ప్రియాంక, ప్రైవేటు బళ్లో టీచరు. ఇద్దరూ ఒకే ప్లేటులోంచి డబుల్ కా మీఠా తింటున్నారు. నలుగురి మధ్య అంత దగ్గరగా ఎన్నడైనా కూర్చున్నారో లేదో. స్రవంతి వెనక్కి తిరిగి శోభారాణిని చూసి, చిన్నపిల్లలా చెయ్యి ఊపింది.

అసలు ఈ కథంతా ఆ పిల్లదే. మూడేళ్ల కింద సత్తమ్మ డాబా మీద, ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడి, ఎవరికీ కనబడకుండా, స్రవంతి శోభారాణికి చెప్పింది. తాను పెళ్లికి ఎందుకు ఒప్పుకోవడం లేదో, ఏ మగపిల్లవాణ్ణి చూసినా మనసు ఎందుకు కదలదో, ప్రియాంక కనబడని రోజు అన్నం ఎందుకు సహించదో. ఇంట్లో తెలిస్తే చంపుతారో, వాళ్లే చస్తారో తెలియదని ఏడ్చింది. శోభారాణి ఇంటికొచ్చి తెల్లారేదాకా కూర్చుని రాసింది. అంత బాగా తాను ఎన్నడూ రాయలేదు. డెస్కు వాళ్లు చదివి, "మేడం, మనది ఇంటిల్లిపాదీ చదివే పేపరు" అని పక్కన పెట్టారు. ఏడాది ఆగి ఆ కథను, అప్పటికే పట్నంలో వేరే పత్రికలో చేరిన కావ్యకు ఇచ్చింది. స్రవంతిని అడిగి, ఒప్పించి, కావ్యను తన స్కూటీ మీదే తీసుకుపోయి ఇద్దరినీ కలిపింది. ఇచ్చేటప్పుడు మనస్ఫూర్తిగానే ఇచ్చింది. కాకపోతే ఇచ్చినప్పుడు అది అవార్డు కథని తెలియదు. వచ్చిన చిక్కంతా అదే.

కావ్య పేరు పిలిచారు. హాలంతా చప్పట్లు. తెర మీద కథనం మొదటి వాక్యం పడింది.

"పెరట్లో ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడి ఆమె తన ప్రేమ గురించి చెప్పింది."

డాబా కాస్తా పెరడు అయింది. చేపలు పట్టే ఇంటి పిల్ల కీసర అవతల ఎక్కడో మిషను కుట్టుకునే పిల్ల అయింది. కానీ దుప్పట్లు మాత్రం అవే. ఆ దుప్పట్లు చూసింది శోభారాణి. నీలం గళ్ల దుప్పటి అంచును ఆ పిల్ల వేలికి చుట్టడం, విప్పడం చూసింది శోభారాణి. కావ్య వచ్చేనాటికి దుప్పట్లూ లేవు, ఏడుపూ లేదు. అన్నీ తాను చెబితే రాసుకున్నవే!

కావ్య మైకు ముందుకొచ్చింది. చేతిలో మడత పెట్టిన కాగితం. ఎడిటరుకు థాంక్స్ చెప్పింది. అత్వెల్లిలో కూరగాయలు అమ్మి చదివించిన తల్లి యాదవ్వకు చెప్పింది. తమ బతుకును నమ్మి చేతిలో పెట్టిన ఇద్దరికి చెప్పింది. శోభారాణి కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఇప్పుడు తన పేరు వస్తుంది.

"ఇంకొకరున్నారు. వాళ్ల పేరు నేను ఈ వేదిక మీద చెప్పను," అంది కావ్య. కాగితం మడిచేసింది. "అందరికీ నమస్కారం."

అంతే. దిగిపోయింది.

"అరెరె," అన్నాడు జైపాల్, టూత్‌పిక్కు నోట్లో పెట్టుకుంటూ. "పేరు చెప్తే నోరేం అరిగిపోతది చెల్లె? నీ బండి మీద తిరిగి తిరిగి గీడిదాంక వచ్చింది."

శోభారాణికి కడుపు మండింది. దాచుకునేదేముంది, భగ్గున మండింది. చెప్పను అంటుందా! చెప్పుకోవడానికి సిగ్గుపడే మనిషినా నేను? మండలం విలేకరినని, ఇంగ్లీషు రాదని, స్కూటీ మీద తిరుగుతానని చిన్నతనమైందా? హెల్మెట్ లేక ఎండలో ఆ పిల్ల ముఖం మాడిపోతే శోభారాణే తన చున్నీ తీసి కట్టింది. అయిదు లైన్ల వార్త అయిదుసార్లు రాయించింది. పోలీసు స్టేషన్లో ఎక్కడ నిలబడాలో, శవం ఉన్న ఇంట్లో చెప్పులు ఎక్కడ విడవాలో, మనిషిని కాపాడుతూ ఎట్లా రాయాలో, అన్నీ నేర్పింది. ఆమె తల్లికి మైకులో థాంక్సు! తల్లి నేర్పిందా వార్త రాయడం?

ఫోను తీసింది. 'మేడ్చల్ ప్రెస్ మిత్రులు' గ్రూపు. మండలం విలేకరులే కాదు, వార్డు మెంబర్లు, పోలీసు స్టేషన్ రైటర్లు, ప్లాట్ల వ్యాపారులు, యూట్యూబు ఛానళ్ల వాళ్లు, అందరూ కలిసి నూట నలభై మంది. బొటనవేళ్లు ఆగలేదు.

"మిత్రులకు నమస్కారం. ఈ రోజు శామీర్‌పేటలో అవార్డు పొందిన కథనం ఎవరిదో రికార్డు కోసం చెబుతున్నాను. ఇద్దరు అమ్మాయిల ఆ కథ మూడేళ్ల కిందే నా దగ్గరికి వచ్చింది. ఆ అమ్మాయి మొదట నోరు విప్పింది నా ముందు, మా మేనత్త ఇంటి డాబా మీద. అవార్డు తీసుకున్నవారిని అక్కడికి నా స్కూటీ మీద తీసుకుపోయింది కూడా నేనే. మీ శోభారాణి."

రెండుసార్లు చదువుకుంది. అమ్మాయి పేరు లేదు. ఊరు పేరు లేదు. పదహారేళ్ల అనుభవం, ఆ మాత్రం జాగ్రత్త తెలియదా? పంపేసింది.

నిమిషంలో చప్పట్ల బొమ్మలు వచ్చాయి. "అక్కకు జరగాల్సిన సన్మానం" అని ఒకరు. "మా మండలం గర్వం" అని ఇంకొకరు. ఒక్కొక్కటీ చదువుతుంటే ఎండలో వచ్చి కుండ నీళ్లు తాగినట్టు ఉంది. పదహారేళ్లలో కింద పేరుతో అచ్చయిన మొదటి వార్త ఇదేనేమో.

ఆ ఊపులోనే లేచింది. హాలు పక్కన చేతులు కడుక్కునే చోట కావ్య ఒక్కతే ఉంది, జ్ఞాపికను తొట్టి గట్టు మీద పెట్టి ముఖం కడుక్కుంటోంది. శోభారాణిని చూడగానే తడి ముఖంతోనే నవ్వింది.

"అక్కా! వచ్చినవా! రావేమో అనుకున్న."

"ఎందుకు రాను? నా కథకు అవార్డిస్తుంటే నేను రాకుంటె ఎట్ల?"

కావ్య నవ్వు ఆగిపోయింది.

"ఏందక్కా గట్ల మాట్లాడుతున్నవ్?"

"ఎట్ల మాట్లాడాలె మరి? మీ ఎడిటరు పేరొచ్చింది, మీ అమ్మ పేరొచ్చింది. నా పేరుకొచ్చేసరికి నీ నోరు పడిపోయిందా? చెప్పను అంటవా, మైకు పెట్టుకొని? గంతమంది ముందల? గా దుప్పట్ల ముచ్చట నీకెవలు చెప్పిన్రు? నువ్వు జూసినవా?"

"నువ్వే చెప్పినవక్కా."

"మరి?"

కావ్య చేతులు చీర కొంగుకు తుడుచుకుని, మడత పెట్టిన ఆ కాగితం తీసి ఇచ్చింది. శోభారాణి విప్పింది. అన్నిటికన్నా పైన, ఎడిటరుకన్నా పైన, తల్లికన్నా పైన, కావ్య గుండ్రటి అక్షరాల్లో నాలుగు లైన్లు. "ఈ అవార్డు మా శోభక్కది. ఆమె చూసింది, ఆమె విన్నది, నేను రాసిన. ఆమె ఈ వేదిక మీదికి రావాలని..." నాలుగు లైన్ల మీదా ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత.

"పొద్దుగాల కొట్టేసిన," అంది కావ్య. "రాత్రి స్రవంతికి ఫోన్‌ల సదివి ఇనిపించిన. అది భయపడ్డది. 'అక్క పేరు జెప్తె అక్క ఏ ఊరికి పోతదో అందరికెరుకే. అక్క కూసునేది సత్తమ్మత్త డాబా మీదనే. ఎదురుంగ మేమే' అన్నది. ఎంత ఏడ్చిందో. నాగ్గూడ అప్పుడు యాదికొచ్చింది. నువ్వే నేర్పినవ్ గదక్కా?"

"ఏం నేర్పిన?" అంది శోభారాణి. కానీ గుర్తొచ్చేసింది.

"పేరు మారిస్తె సాలదు, దారి గూడ మార్చాలె అని. పేట్ బషీరాబాద్ ముచ్చట చెప్పి మరీ."

అవును, చెప్పింది. కొత్తలో ఒక ఇల్లాలి గోడు రాస్తూ పేరు మార్చింది శోభారాణి, 'పిండిగిర్ని పక్క సందు' అన్న మాట మాత్రం ఉంచేసింది. పేట్ బషీరాబాద్‌లో ఆ గిర్ని ఒకటే. వారం తిరక్కుండా ఆ ఇల్లాలు సామాను ఆటోలో వేసుకుని ఇల్లు ఖాళీ చేసింది. ఆ ఆటో వెనక నిలబడి ఏడ్చిన రోజున పెట్టుకున్న నియమం అది. స్కూటీ వెనక కూర్చున్న పిల్లకు మొదటి రోజే చెప్పింది.

"అందుకే పెరడు అని రాసిన. మిషను అని రాసిన. కీసర అవుతల అని రాసిన. నీ పేరు ఒక్కటే మార్చనీకి రాలే, అందుకే మింగిన," అంది కావ్య. జ్ఞాపిక తీసి శోభారాణి చేతిలో పెట్టబోయింది. "ఇది నీ ఇంట్లనే ఉండాలె. అడుగుదామనే ఇటొచ్చిన. ముఖం ఎట్ల జూపియ్యాలో తెల్వక నీళ్లు కొట్టుకుంటున్న."

శోభారాణి అందుకోలేదు. ఆమె చెయ్యి సంచిలో ఫోను కోసం వెతుకుతోంది.

గ్రూపులో చప్పట్ల బొమ్మల కింద కొత్త మెసేజీ. నవీన్ నుంచి. మైకు పట్టుకుని ఊరూరా తిరిగే యూట్యూబు ఛానల్ నవీన్. స్రవంతి అన్న.

"శోభక్కా, మీ మేనత్త డాబా అంటే మా ఎదురిల్లే గదా. మా వాడకట్టుల గసొంటి పిల్ల ఎవ్వలు?" పక్కన నవ్వే బొమ్మలు మూడు. దాని కింద ఇంకొకటి. "నేను హాలు కాడికే వస్తున్న. మనం లైవ్ పెడుదాం అక్కా."

గబగబా తన మెసేజీ మీద వేలు నొక్కిపట్టి, అందరి ఫోన్లలోంచీ పోయేటట్టు తీసేసింది. మెసేజీ పోయింది. నవీన్ ప్రశ్న పోలేదు. అది అట్లాగే ఉంది, అందరూ చదువుకునేటట్టు.

"ఏమైందక్కా?" అంది కావ్య.

జవాబు చెప్పేలోపు జైపాల్ ఐస్‌క్రీం కప్పుతో ఇటే వచ్చాడు. "ఎందుకు తీసేసినవ్ చెల్లె? భయపడకు. నేను అప్పుడే జిల్లా గ్రూపుల ఏసిన, నీకు న్యాయం జరగాలని. కింద నేను గూడ ఒక ముక్క రాసిన, గా డాబా మీద మేమందరం పులుసు తిన్నం, గది నిజమే అని."

కావ్య చెయ్యి చాచి శోభారాణి ఫోను లాక్కుంది. నవీన్ ప్రశ్న చదివింది. జైపాల్ ముందుకు పంపిన ముక్క అతని ఫోనులో చదివింది. చదివాక తిట్టలేదు, అరవలేదు. జ్ఞాపికను మళ్లీ తొట్టి గట్టు మీద పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేదని శోభారాణికి అనిపించింది.

"నేను పేరు రాయలేదే," అంది. ఎవరికి చెబుతోందో తనకే తెలియలేదు. "ఊరు గూడ రాయలే కావ్యా."

"దారి రాసినవక్కా," అంది కావ్య.

ఫోనులో నవీన్ పేరు పక్కన 'టైపింగ్' అని కనబడింది. ఆగింది. మళ్లీ కనబడింది. మళ్లీ ఆగింది. వాడేం ఆలోచిస్తున్నాడో ఆమెకు అర్థమవుతోంది. వాడకట్టులో, ఆ నాలుగిళ్ల మధ్య, పెళ్లి వద్దంటున్న పిల్లలు ఎందరున్నారు? అక్క వచ్చినప్పుడల్లా డాబా ఎక్కి కూర్చునే పిల్లలు ఎందరున్నారు? నవ్వే బొమ్మలు పెట్టినవాడికి లెక్క తేలడానికి ఎంతసేపు పడుతుంది?

నేనే చేశాను, అనుకుంది శోభారాణి. పిండిగిర్ని నాడు తెలియక చేశాను. ఇవాళ కుళ్లుతో చేశాను. కావ్య మీద ఉన్న మంట అంతా ఒక్కసారి తిరిగి తన మీదికే వచ్చింది.

"అక్కా! ఈడున్నవా, హాలంతా దేవులాడిన!"

స్రవంతి. పసుపు రిబ్బను మెడలోనే ఉంది. ముఖం వెలిగిపోతోంది. వెనకాల రెండడుగుల దూరంలో ప్రియాంక. స్రవంతి చేతిలో ఫోను మోగుతోంది.

"మా అన్న చేస్తుండు. ఇంట్ల నీతోని ఉన్ననని చెప్పి వచ్చిన అక్కా. నీ పేరు చెప్తె మా అమ్మ ఏడికైనా పంపుతది," అని ఫోను ముందుకు చాచింది. "జర నువ్వు మాట్లాడవా? నేను చెప్తె నమ్మడు, నువ్వు చెప్తె నమ్ముతడు."

కావ్య ఒక అడుగు ముందుకు వేసి, ఆగిపోయింది. శోభారాణి ఫోను అందుకుని చెవి దగ్గర పెట్టుకుంది.

"నవీన్, నేను శోభక్కను."

అవతల బండ్ల హారన్లు. గేటు దగ్గర ఆర్కెస్ట్రా వాళ్లు వాయిస్తున్న పాట ఫోనులోనూ వినబడుతోంది, బయట నుంచీ వినబడుతోంది. నవీన్ వచ్చేశాడు.

"గేటు కాడ ఉన్నక్కా," అన్నాడు. ఎప్పుడూ మైకులో గట్టిగా అరిచే గొంతు, ఇప్పుడు పక్కమనిషికి కూడా వినబడనంత మెల్లగా ఉంది. "లైవ్ పెట్టలే. మైకు బండిలనే ఉన్నది. ఒక్కటే మాట అడుగుత, అబద్ధం చెప్పకు. గా డాబా మీద నీతోని మాట్లాడింది మా స్రవంతేనా?"

ఎదురుగా స్రవంతి, ఏమంటుండు అని కళ్లతోనే నవ్వుతూ అడిగింది.